లెక్కకు కథ ఎవరు రాశారు?

పోస్టు పొడుగ్గా ఉంటుంది, తీరిగ్గా ఉన్నప్పుడే చదవండి.

రెండేళ్లపాటు ఒక ఆశ్రమ పాఠశాలలో సాయంత్రం పూట స్టడీ అవర్‌లో లెక్కలు చెప్పాను. ఏ స్కూలో చెప్పను, దాంతో పనిలేదు. ఏడో తరగతి పరీక్షలో బారువడ్డీ లెక్క ఒకటి వచ్చింది. రామయ్య సోమయ్య దగ్గర 5,000 రూపాయలు అప్పు తీసుకున్నాడు, ఏడాదికి 12 శాతం వడ్డీ, రెండేళ్లకి వడ్డీ ఎంత? జవాబు 1,200. అందరికీ తెలిసిన రకం లెక్కే. ఒక పిల్లోడు జవాబు రాయలేదు. దాని కింద ఒకే ఒక్క వాక్యం రాశాడు: "సోమయ్య పుస్తకం ఎవులు రాస్తారు సార్?"

పేపరు దిద్దినాయన సున్నా వేసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. పిల్లోడు ఆ పేపరు పట్టుకుని నా దగ్గరకొచ్చి, "నేను అడిగింది తప్పా అన్నా" అన్నాడు. నేను అప్పుడు ఏదో సర్దిచెప్పి పంపేశాను. రాత్రి పడుకున్నాక గానీ అర్థం కాలేదు, వాడు లెక్క రాక వదిలెయ్యలేదని. లెక్కలో ఉన్న కథని వాడు మనకంటే బాగా చదివాడు. వాళ్ల తాత అప్పు పుస్తకం షావుకారి దగ్గరే ఉండేది, షావుకారే రాసేవాడు, తాత వేలిముద్ర వేసేవాడు. వాడికి తెలిసిన వడ్డీ లెక్క అది.

అప్పటినుంచి ఒక విషయం వెతకడం మొదలుపెట్టాను. లెక్కల పుస్తకంలో కథలు ఎవరు పెట్టారు? ఎప్పుడు పెట్టారు? ఎవరి కథలు పెట్టారు? గణితాన్నీ రచననీ కలిపి చెప్పాలని ఇప్పుడు ట్రైనింగుల్లో కొత్త పద్ధతిలాగా చెబుతున్నారు. ఇది కొత్తది కాదు, చాలా పాతది. ఎంత పాతదో తెలిస్తే మనం అందులో ఎందుకు లేమో కూడా తెలుస్తుంది.

9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు అనే జైన పండితుడు ఉండేవాడు. 850 ప్రాంతంలో గణితసార సంగ్రహం అనే పుస్తకం రాశాడు. మొత్తం సంస్కృత శ్లోకాలే. అందులో మొదట్లోనే లెక్క ఎక్కడెక్కడ పనికొస్తుందో చెబుతాడు. సంగీతంలో, నాటకంలో, వంటలో, వైద్యంలో, ఇల్లు కట్టడంలో, ఛందస్సులో, వ్యాకరణంలో ఇలా సాగుతుంది ఆ జాబితా. వంటని కూడా చేర్చాడు చూడండి, అది నాకు బాగా నచ్చింది. ఇక లెక్కలు చూస్తే కథలే కథలు. ఒక ఆవిడ ముత్యాలదండ తెగిపోతుంది, ముత్యాలు చెల్లాచెదురవుతాయి, ఇన్నోవంతు ఇక్కడ పడ్డాయి, ఇన్నోవంతు అక్కడ పడ్డాయి, మిగిలినవి ఇన్ని, మొత్తం ఎన్ని అని అడుగుతాడు. భిన్నాల పాఠం అది. కానీ చదివేవాడు ముందు ముత్యాలు ఏరుకుంటాడు, తర్వాతే భిన్నాలు చేస్తాడు. 1912లో మద్రాసులో ప్రొఫెసర్ రంగాచార్య ఈ పుస్తకాన్ని ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించారు. అప్పుడే బయటి ప్రపంచానికి బాగా తెలిసింది.

తర్వాత 1150లో భాస్కరాచార్యుడు లీలావతి రాశాడు. తేనెటీగల గుంపులు, పాముని పట్టే నెమలి, అర్జునుడి బాణాలు అన్నీ లెక్కలే. లీలావతి ఆయన కూతురనీ, పెళ్లి ముహూర్తం నీటిగడియారంలో ముత్యం పడటంవల్ల తప్పిపోయిందనీ, అందుకే కూతురి పేరుతో పుస్తకం రాశాడనీ ఒక కథ ఉంది కదా. ఆ కథ భాస్కరుడు రాసింది కాదు. 1587లో అక్బరు కొలువులో ఉన్న ఫైజీ ఈ పుస్తకాన్ని పారశీకంలోకి మార్చినప్పుడు చేర్చినది. కథ ఎంత బాగుందంటే ఇప్పుడు పుస్తకం కంటే కథే ఎక్కువమందికి తెలుసు. లెక్కని కథే బతికించింది.

మన తెలుగులో ఈ పని చేసినవాడు పావులూరి మల్లన. 11వ శతాబ్దం, రాజరాజ నరేంద్రుడి కాలం వాడని చెబుతారు. అంటే నన్నయ భారతం తెలుగు చేస్తున్న రోజుల్లోనే ఈయన మహావీరుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. సారసంగ్రహ గణితం దాని పేరు. తెలుగులో మొదటి శాస్త్ర గ్రంథం ఇదేనంటారు. స్కూల్లో నన్నయ గురించి పది మార్కుల ప్రశ్న వస్తుంది, మల్లన గురించి అర మార్కు బిట్టు కూడా రాదు. అది వేరే సంగతి.

మల్లన చేసిన ఒక పని దగ్గర మనం ఆగాలి. మూలం రాసింది జైనుడు. అందులో జినాలయాలు, జైన పూజలు ఉంటాయి. మల్లన శైవుడు. అందుకని లెక్కలు అలాగే ఉంచి, జైన ప్రస్తావనలు తీసేసి శివుణ్ణి పెట్టాడు. ఐదోవంతు ఐదోవంతే, ఆరోవంతు ఆరోవంతే. పూలు వెళ్లే గుడి మాత్రం మారింది. అంటే వెయ్యేళ్ల కిందటే ఒక తెలుగు కవికి తెలుసు, లెక్కలో అంకెలు అందరివీ, కథ మాత్రం చదివేవాళ్లది కావాలని. మతం కోసం మార్చాడు అనండి, ఏదైనా అనండి, మార్చొచ్చని మాత్రం చూపించాడు. నాకు ఈ వాదన మొత్తానికి పునాది అదే. మల్లనకి ఉన్న హక్కు సీతంపేట కొండమీద ఏడో తరగతి పిల్లకి ఎందుకు లేదు?

పద్యానికీ లెక్కకీ ఇంకో చుట్టరికం కూడా ఉంది. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు, చంపకమాలలో 21. మూడక్షరాల గణాలు ఎనిమిదే ఎందుకున్నాయి? ప్రతి అక్షరం గురువో లఘువో అవ్వాలి, రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. తెలుగు సార్ బోర్డుమీద గణవిభజన చేస్తుంటే అది లెక్కల క్లాసే, మనకి ఎవరూ చెప్పరు అంతే.

భూతసంఖ్యలని ఒక పద్ధతి ఉండేది. అంకెలు పద్యంలో ఇమడవు కాబట్టి అంకెకి బదులు మాట వాడేవారు. చంద్రుడు అంటే 1, కళ్లు అంటే 2, వేదాలు అంటే 4, బాణాలు అంటే 5 ఎందుకంటే మన్మథుడికి ఐదు బాణాలు. రుద్రులు 11, సూర్యులు 12, పళ్లు 32. పైగా కుడినుంచి ఎడమకి చదవాలి, ఒకట్ల స్థానం ముందు వస్తుంది. చదరంగం 64 గళ్లలో గింజలు రెట్టింపు చేస్తూ పోతే వచ్చే ఇరవై అంకెల సంఖ్య మొత్తాన్ని ఒక్క తెలుగు పద్యంలో ఇలా ఇమిడ్చారు. అద్భుతమే, కాదనను. కానీ దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉందో చూడండి. చంద్రుడు ఒకటని ఎవరైనా చెబుతారు. రుద్రులు పదకొండని ఎవరు చెప్పగలరు? ఆ పురాణం తెలిసినవాడే. లెక్క తెలిస్తే చాలదు, ఆ ఇంటి కథలు కూడా తెలియాలి.

తెలిసినవాళ్లకి కూడా ఎంత అర్థమైందో అనుమానమే. 1822లో మద్రాసు గవర్నరు మన్రో ఊళ్లలో బడులెన్ని ఉన్నాయో లెక్క తీయమన్నాడు. 1823లో బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ పంపిన నివేదికలో ఆ జిల్లాలో 533 బడులు. పిల్లలు ఇసకమీద వేలితో రాసి నేర్చుకునేవారు, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకి చెప్పేవారు. ఆ పద్ధతిని ఆయన మెచ్చుకున్నాడు. కానీ పుస్తకాలన్నీ మాట్లాడే భాషకి దూరమైన పద్యభాషలో ఉన్నాయనీ, పిల్లలు వందల పద్యాలు చిలకల్లా అప్పజెబుతారు గానీ అర్థం తెలియదనీ రాశాడు. ఎక్కాలు కూడా అలాగే పాడి బట్టీపట్టేవారు. ఇక ఆ బడుల్లో కొండమీద పిల్లలు ఎంతమంది అని అడగొద్దు. కొండకి బడి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

కొండకి బడికంటే ముందు అప్పు పుస్తకం వచ్చింది. లెక్క మనదాకా వచ్చిన దారి అదే. పద్యంలోంచి రాలేదు, షావుకారి చేతిలోంచి వచ్చింది. గంజాం, విశాఖపట్నం, గోదావరి ఏజెన్సీల్లో పరిస్థితి ఎంత ముదిరిందంటే, 1917లో ఆంగ్ల ప్రభుత్వమే ఒక చట్టం చెయ్యాల్సొచ్చింది. ఏజెన్సీ వడ్డీ, భూ బదలాయింపు చట్టం. దాని ప్రకారం గిరిజనుడి దగ్గర ఏడాదికి 24 శాతం మించి వడ్డీ వసూలు చెయ్యకూడదు, చక్రవడ్డీ కుదరదు, మొత్తం వడ్డీ అసలుని దాటకూడదు. కాగితంమీద మంచి చట్టమే. కానీ ఆ చట్టం వాడుకోవాలంటే ముందు 24 శాతం అంటే ఏంటో తెలియాలి. హక్కు ఇచ్చారు గానీ దాన్ని సరిచూసుకునే లెక్క ఇవ్వలేదు.

దీన్నే స్టడీ అవర్‌లో లెక్కగా చేశాం. ఆ కాలంలో తాతకి ఒక షావుకారు 50 రూపాయలు ఇచ్చాడనుకుందాం, రూపాయికి నెలకి అణా వడ్డీ. నెలకి 50 అణాలు, అంటే 3 రూపాయల 2 అణాలు. ఏడాదికి 37 రూపాయల 8 అణాలు, 75 శాతం. చట్టం ఒప్పుకునేది ఏడాదికి 12 రూపాయలు, నెలకి ఒక్క రూపాయి. అలా 50 నెలలయ్యేసరికి వడ్డీ అసలుతో సమానం అవుతుంది, అక్కడితో ఆగిపోవాలి. పిల్లలకి అణా అంటే తెలియదు, రూపాయికి 16 అని చెప్పాల్సొచ్చింది. చెప్పాక ఇరవై నిమిషాలు క్లాసులో చప్పుడు లేదు. నా రెండేళ్లలో అంత శ్రద్ధగా బారువడ్డీ చేసిన రోజు ఇంకోటి లేదు. ఆఖర్న తాత షావుకారితో ఏం మాట్లాడతాడో రాయమన్నాను. ఒక అమ్మాయి రాసిన తాత ఏమీ మాట్లాడడు, నేలమీద గులకరాళ్లు పేర్చుకుంటూ పోతాడు, నెలకో రాయి. యాభయ్యో రాయి పెట్టి లేచి వెళ్లిపోతాడు.

సరే, చరిత్రకి వద్దాం. మన భాషలో చదువు చెప్పాలని మొదట పట్టుబట్టినవాళ్లలో గిడుగు రామమూర్తి గారు ఒకరు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజే. వ్యావహారిక భాషకోసం పోరాడారని అందరికీ తెలుసు. పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని సవర నేర్చుకున్నారనీ, సవర పిల్లలకి సొంత ఖర్చుతో బడులు పెట్టారనీ, వాచకాలు, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారనీ మాత్రం ఎక్కువమంది చెప్పరు. నా ఉద్దేశంలో ఈ రెండూ ఒకే పోరాటం. కాంప్‌బెల్ చెప్పిన చిలకపలుకుల సమస్యకి జవాబు అది.

ఆదిలాబాద్ వైపు సంగతి వేరు. 1940లో కొమురం భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం గోండుల పరిస్థితి చూడమని హైమన్‌డార్ఫ్‌ని పంపింది. 1943లో మార్లవాయిలో గోండు విద్యా పథకం మొదలైంది. మరాఠీ కొద్దిగా చదవడం వచ్చిన కొందరు గోండు యువకుల్ని టీచర్లుగా తయారుచేశారు. వాచకాలు గోండీలోనే, దేవనాగరి లిపిలో, గోండుల సొంత కథలతో రాశారు. అందులో చదివినవాళ్లలో కొందరు తర్వాత పట్వారీలయ్యారు. ఆ మాట నాకు చాలా పెద్దది. అప్పటిదాకా భూమి లెక్క ఎవరో రాస్తే వేలిముద్ర వేసిన ఊళ్లో, మన మనిషే రికార్డు రాశాడు.

గోండు మిత్రులు ఈ గ్రూపులో చాలామంది ఉన్నారు కాబట్టి ఒకటి చెప్పాలి. మీ సగా వ్యవస్థకంటే గట్టిగా లెక్కనీ కథనీ కలిపినది నాకు ఇంకెక్కడా కనబడలేదు. నాల్వెన్, సివెన్, సార్వెన్, యేర్వెన్. నాలుగు, ఐదు, ఆరు, ఏడు. ఏ సగా ఎలా పుట్టిందో పర్ధాన్లు కీక్రి వాయిస్తూ చెబుతారు. ఒకే సగాలో పెళ్లి కుదరదు. ఆ అంకె తెలియకపోతే సంబంధమే మాట్లాడలేరు. రుద్రులు పదకొండని తెలియని పిల్లకి ఏడు ఎవరిదో తెలుసు. అందుకే మా స్టడీ అవర్‌లో సొంత భూతసంఖ్యలు తయారు చేయించాను. నియమం ఒక్కటే, ఆ మాట వినగానే మన ఊళ్లో అందరికీ ఒకే అంకె గుర్తుకు రావాలి. అడ్డుకుంది కూడా పిల్లలే. ఒకడు పొయ్యి అంటే 3 అన్నాడు, మూడు రాళ్లు కదా అని. ఇంకొకడు లేచి "మా ఇంట్లో గ్యాసు పొయ్యి" అన్నాడు. పెద్ద గొడవ. నిర్వచనం అంటే ఏంటో ఆ పొయ్యి దగ్గర తెలిసింది వాళ్లకి, నాకు కూడా.

ఇక మా సవర లెక్క. మాకు పన్నెండుకి మిగ్గల్ అని సొంత మాట ఉంది. పదమూడు మిగ్గల్‌బోయ్, పన్నెండూ ఒకటీ. పందొమ్మిది వరకూ ఇదే వరస, పన్నెండుమీద ఏడు. ఇరవై దగ్గర కొత్త మెట్టు. 33 చెప్పాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి. 93 అయితే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. ప్రపంచంలో ఇలా పన్నెండునీ ఇరవైనీ కలిపి లెక్కపెట్టే భాషలు చాలా అరుదు. భాషాశాస్త్రం వాళ్లు దీన్ని చూడ్డానికి అమెరికానుంచి ఒడిశా సవర ఊళ్లకి వచ్చారు. మా స్కూల్లో మాత్రం ఒకటో తరగతినుంచే పదుల కట్టలు, ఒకట్ల పుల్లలు. మా తమ్ముడికి ఇప్పుడు పది దాటితే తెలుగే. నాకు కూడా 40 దాటితే ఆగి ఆలోచించాలి, సిగ్గుగానే చెబుతున్నాను.

పిల్లల్ని 58ని సవర పద్ధతిలో విడగొట్టమంటే రెండు ఇరవైలు, పన్నెండు, ఆరు అని టకటకా చెప్పారు. మన పూర్వీకులు పన్నెండు దగ్గర ఎందుకు ఆగారో కథ రాయమన్నాను. ఒక పాప రాసిన కథలో ముసలమ్మ ఒక చేత్తో మనవణ్ణి ఎత్తుకుని, రెండో చేతి బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల కణుపులు ముట్టుకుంటూ మేకల్ని లెక్కపెడుతుంది. వేలికి మూడు కణుపులు, నాలుగు వేళ్లు. ఎక్కం అది.

ప్రభుత్వాలు అసలేం చెయ్యలేదని కాదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కొండ, కువి, కోయ, గోండీ, కొలామీ, బంజారా, ఆదివాసీ ఒరియా అని ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టారు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ ప్రాథమిక లెక్కల పుస్తకాలు కూడా మారాయి. అప్పటి ఐదో తరగతి పుస్తకం మొదటి పాఠం చేపలు పట్టేవాళ్ల కథ, అందులోనే వేగం, బరువు, బ్యాంకు అప్పు అన్నీ వచ్చేవి. మంచి పాఠం. కానీ పైతరగతులకి వచ్చేసరికి మళ్లీ రైలు, ప్లాట్‌ఫారం, రామయ్య, సోమయ్య.

మొదట చెప్పిన పిల్లోడు ఏడాది చివర్లో సొంతంగా ఒక లెక్క రాసి తెచ్చాడు. వాడు ఒప్పుకున్నాడు కాబట్టి ఇక్కడ పెడుతున్నాను. "మా అమ్మ ఇంటికాడ మా కుంచంతో కందులు కొలిచింది. అయిదు కుంచాలు అయింది. సంతలో షావుకారు ఆయన కుంచంతో కొలిచాడు. నాలుగే అయింది. దారిలో గింజ రాలలేదు. మా కుంచానికి నాలుగు మానికలు. ఆయన కుంచానికి ఎన్ని?"

నేను చూడగానే ఒక కుంచం నష్టం అనేశాను. "నష్టం అడగలేదు అన్నా, కుంచం అడిగాను" అన్నాడు. ఐదు కుంచాలంటే ఇరవై మానికలు, ఆయన నాలుగుసార్లు నింపాడు, అంటే ఆయన కుంచానికి ఐదు మానికలు. బోర్డుమీద వేయించాను. అప్పుడు వెనకబెంచీలోంచి ఒకమ్మాయి లేచి, ఆయన కుంచం మనదానికంటే 25 శాతం పెద్దది కాబట్టి అమ్మ 25 శాతం నష్టపోయింది అంది. ఈ పిల్లోడు కాదు, ఐదింట్లో ఒకటి పోయింది, 20 శాతమే అన్నాడు. ఇద్దరూ బోర్డు దగ్గరకొచ్చారు. సగం క్లాసు ఒకవైపు, సగం క్లాసు ఇంకోవైపు. దేనిమీద శాతం, మన కుంచంమీదా, మానికలమీదా, ఇరవైలో ఎంత, నాలుగులో ఎంత అని అరుచుకుంటూనే ఉన్నారు, భోజనం గంట కొట్టినా కంచాలు పట్టుకుని మెస్ లైన్లో కూడా అదే గొడవ.